మీకు లెక్కలో సైన్సో నేర్పిన చిన్నప్పటి వస్తువు ఏది?

కల్వకుర్తి_లెక్కలసారు | ఫిబ్రవరి 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తాను. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది.

సీమోర్ పాపర్ట్ అని ఒక గణితవేత్త. 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టాడు. పిల్లలు ఎలా ఆలోచిస్తారో పరిశోధించిన పియాజే దగ్గర జెనీవాలో కొన్నేళ్ళు పనిచేసి, తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష చేసినవాళ్ళలో ఆయనొకడు. తెర మీద తాబేలును ముందుకు 50, కుడికి 90 అని నడిపించినవాళ్ళు ఇక్కడ ఉంటే వెంటనే గుర్తుపడతారు.

1980లో వచ్చిన పుస్తకానికి ముందుమాటగా ఆయన తన చిన్నప్పటి పళ్ళచక్రాల సంగతి రాశాడు. రెండేళ్ళు నిండకముందే ఆయనకు కార్ల పిచ్చి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (మలుపులో కారు రెండు పక్కల చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ళచక్రాల అమరిక) అని పేర్లు చెప్పడమే గొప్పగా ఉండేదట. అవి ఎలా తిరుగుతాయో కొన్నేళ్ళకు గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎక్కాలు గేర్లలాగే కనిపించాయి. 3x + 4y = 10 లాంటి సమీకరణం మొదటిసారి ఎదురైనప్పుడు డిఫరెన్షియల్ గుర్తొచ్చింది. xకి ఎన్ని పళ్ళుండాలి, yకి ఎన్నుండాలి అని మనసులోనే చక్రాలు బిగించుకున్నాడు. మా తొమ్మిదో తరగతి పిల్లలకు అదే సమీకరణం బోర్డు మీద రాస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ కనిపించదు.

మన పాలమూరు, నల్లగొండ వైపు పెరిగినవాళ్ళకు ఆ పళ్ళచక్రం స్థానంలో ఏముంది? ఒక్కటే షరతు. "ఆ రోజులే వేరు" అని రాయొద్దు. ఆ వస్తువు ఎలా పనిచేసేది, దానివల్ల తర్వాత ఏ పాఠం సులువైంది, అది రాయండి.

అడగడానికి కారణం ఉంది. మా బడికి ఆటవస్తువుల కిట్టు వచ్చింది. వచ్చిన రోజు నుంచి బీరువాలోనే ఉంది. ఒక ముక్క పోతే లెక్క ఎవరు చెప్పాలని అందరికీ భయం. తాళం తీయించే ముందు నాలుగు మాటలు వినాలని.

---

మిర్యాలగూడ_సైకిల్ | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

సార్, నాది సైకిల్. కొన్నది కాదు, గంటకు అద్దెకు తెచ్చుకున్నది. సీటు అందదు కాబట్టి కాంచి తొక్కుడే. నడిమి కడ్డీ కింద నుంచి కాలు పెట్టి ఒంటిని ఒక పక్కకు వంచితే, సైకిల్ ఇంకో పక్కకు వంగాలి. లేదంటే పడతాం. బరువు ఎక్కడుందో మోకాలి చిప్పకు తెలిసింది ముందు, సైన్సు పుస్తకానికి తెలిసింది తర్వాత.

చైను ఊడితే మనమే ఎక్కించుకోవాలి. ముందున్న పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే వెనక చిన్నది రెండుసార్ల కన్నా ఎక్కువ తిరుగుతుందని అప్పుడే చూశాను. పళ్ళు లెక్కపెట్టి భాగిస్తే అదే లెక్క వచ్చింది. నేను పదో తరగతితో ఆపేశాను, ఇప్పుడు రిపేరు షాపు ఉంది. నిష్పత్తి అంటే మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

---

డిండి_వాగు | ఫిబ్రవరి 9, రాత్రి 10:25

ముంజకాయల బండి. ఇంకెవరో రాసేలోపు నేనే రాస్తున్నా.

తాటిచెట్లు లేని ఊళ్ళ వాళ్ళ కోసం కొంచెం వివరంగా. ఎండాకాలం గౌడు గెలలు దింపుతాడు. కాయ పైభాగం చెక్కితే మూడు ముంజలు. బొటనవేలితో తోడుకుని జుర్రుకున్నాక మూడు గుంటలతో ఖాళీ కాయ మిగులుతుంది. ఒకే సైజువి రెండు ఏరుకోవాలి. మూరెడు కట్టె తీసుకుని, ఒక్కో కొసను ఒక్కో కాయలోకి, మూడు గుంటల సరిగ్గా నడుమ గుచ్చాలి. ఆ కట్టె మీద పొడుగాటి పంగల కట్టె పెట్టి తోసుకుంటూ ఉరకడమే.

అసలు చదువంతా బండి సరిగ్గా నడవనప్పుడే.

కట్టె నడిమిన దిగకపోతే బండి కుంటుతుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరి పడుతుంది. కేంద్రం అంటే అంచు నుంచి అన్ని వైపులా సమాన దూరం అని ఆరో తరగతిలో సారు చెప్పినప్పుడు, ఆ దూరం సమానంగా లేకపోతే ఏమవుతుందో మా చేతులకు అప్పటికే తెలుసు.

ఒక కాయ పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి నేరుగా పోదు, చిన్నకాయ వైపు తిరుగుతుంది. మా గ్యాంగులో ఒకడు కావాలనే అట్లా చేసేవాడు. వాడి బండి వేపచెట్టు చుట్టూ దానంతటదే గుండ్రంగా తిరిగేది. మేం పంగల కట్టెతో తిప్పలు పడుతుంటే వాడు ఊరికే తోసేవాడు.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. సమానమైన కాయలతో చేసిన బండిని గట్టిగా మలుపు తిప్పితే ఒక కాయ దొర్లదు, మట్టిలో ఈడ్చుకుపోతుంది. గీత పడుతుంది. రెండు కాయలూ ఒకే కట్టెకు బిగుసుకుని ఉన్నాయి, కలిసే తిరగాలి. మలుపులో బయటి కాయ ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ కుదరవు. చాలా ఏళ్ళ తర్వాత పాలిటెక్నిక్‌లో డిఫరెన్షియల్ పాఠం వచ్చింది. క్లాసంతా బొమ్మను బట్టీ పడుతుంటే నాకు ఆ మట్టిలో గీత గుర్తొచ్చింది. అది ఎందుకు కావాలో ముందే తెలిసినవాడికి అది ఎలా ఉంటుందో నేర్చుకోవడం ఎంతసేపు?

కాబట్టి సారూ, మీ పాపర్ట్‌కు కారు దొరికింది, మాకు తాటిచెట్టు దొరికింది. డిఫరెన్షియల్ ఆయనకు నేరుగా కనిపించింది. మాకు అది లేకపోవడం వల్ల తెలిసింది.

---

జడ్చర్ల_రైల్వే | ఫిబ్రవరి 10, ఉదయం 6:50

డిండి అన్న పోస్టుకు కొనసాగింపు. నేను రైల్వేలో మెకానికల్ సైడు.

రైలుబండికి డిఫరెన్షియల్ లేదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, అచ్చం ముంజకాయల బండిలాగా. మరి మలుపులో ఈడ్చుకుపోవాలి కదా? అందుకే చక్రం పట్టాను ఆనుకునే భాగం బల్లపరుపుగా ఉండదు, కొంచెం వాలుగా ఉంటుంది. సాధారణంగా 20కి 1 వాలు. లోపలి అంచు వైపు చుట్టుకొలత ఎక్కువ, బయటి వైపు తక్కువ. మలుపు వచ్చినప్పుడు జత చక్రాలు కొంచెం బయటికి జరుగుతాయి. అప్పుడు బయటి చక్రం దాని లావు భాగం మీద, లోపలి చక్రం సన్న భాగం మీద నడుస్తాయి. అంటే మీ గ్యాంగులో వాడు వేపచెట్టు చుట్టూ తిప్పిన పెద్దకాయ చిన్నకాయ ట్రిక్కే. అవసరమైనప్పుడు మాత్రమే ఆ తేడా వస్తుంది, అంతే.

సికింద్రాబాద్ నుంచి డోన్ లైన్‌లో రోజూ ఇంతమంది ప్రయాణిస్తారు, ఎవరూ కిందికి వంగి చూడరు.

---

వెల్దండ_వెంకన్న_బావ | ఫిబ్రవరి 10, ఉదయం 8:15

పొద్దున్నే చదివి బడికి పోయే మా కొడుకుని ఆపి చెప్పిన. "నాన్నా, ముంజలు ఎక్కడ దొరుకుతయి, బండి సంగతి తర్వాత" అన్నడు.

---

నకిరేకల్_ప్రశ్న | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:05

చదవడానికి అన్నీ బాగున్నాయి. నాకో అనుమానం. మన ఊళ్ళలో ముంజకాయల బండి తోయని పిల్లవాడు లేడు. అందులో ఎంతమందికి డిఫరెన్షియల్ అర్థమైంది? పాలిటెక్నిక్ దాకా వెళ్ళిన డిండి గారు ఈ రోజు వెనక్కి తిరిగి చూసి గీత గీస్తున్నారు. అదే బండి తోసి, ఏడో తరగతిలో లెక్కలు రాక బడి మానేసినవాళ్ళు ఈ వేదిక మీదకు వచ్చి రాయరు కదా.

వస్తువు నేర్పిందా, లేక చదువుకున్నవాళ్ళు తర్వాత ఆ వస్తువుకు పాఠం తగిలించారా?

---

కల్వకుర్తి_లెక్కలసారు | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

ప్రశ్న న్యాయమైనదే. పాపర్ట్‌కు కూడా ఈ సంగతి తెలుసు. పళ్ళచక్రాలు నాకింత చేశాయి కాబట్టి పిల్లలందరికీ తలా ఒక గేర్ల సెట్టు పంచుదాం అని ఎవరైనా అనొచ్చు, అలా అనుకుంటే అసలు విషయం వదిలేసినట్టే అంటాడు ఆయన. తాను ఆ చక్రాల మీద మనసు పడ్డాడు, ప్రాణం అక్కడ ఉంది. ఎవరి మనసు దేని మీద పడుతుందో ముందే రాసిపెట్టలేం. అందుకే ఆయన కంప్యూటర్ వైపు వెళ్ళాడు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో రూపంలో కనిపించగల వస్తువు కావాలని.

అలాగని మీ ప్రశ్న తీరిపోలేదు. డిండి గారి గ్యాంగులో వేపచెట్టు చుట్టూ బండి తిప్పినవాడు ఉన్నాడే, వాడికి ఆ పని ఎందుకు జరుగుతుందో ఎవరైనా బడిలో అడిగి ఉంటే? వస్తువు సగం పని చేస్తుంది. మిగతా సగం మా టీచర్ల వాటా, అది మేం చాలాసార్లు చేయలేదు.

డిండి గారూ, ఆ వేపచెట్టు బాబు ఇప్పుడేం చేస్తున్నాడు?

---

డిండి_వాగు | ఫిబ్రవరి 10, రాత్రి 9:02

దేవరకొండలో బోరుబండి నడుపుతాడు సార్. ఎంత లోతులో రాయి తగిలిందో మోత విని చెప్తాడు. నకిరేకల్ అన్న దీన్ని చదువు కింద లెక్కేస్తాడో లేదో మరి.

---

పుట్టపాక_దారం | ఫిబ్రవరి 10, రాత్రి 10:10

మాది నేత ఇల్లు. నా ఆటవస్తువు చిటికి కట్టగా మిగిలిన దారం ముక్కలు.

చిటికి అంటే ఇక్కత్ పని. అది బట్ట నేశాక వేసే అద్దకం కాదు. దారం మీదే ముందు రంగు పడుతుంది. ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ గట్టిగా కట్టు కట్టి ముంచుతారు. కట్టు విప్పితే అక్కడ పాత రంగు ఉంటుంది. పెద్దవాళ్ళు రంగు వేస్తుంటే నేను పనికిరాని దారం తీసుకుని నా ఇష్టం వచ్చినట్టు కట్లు కట్టి, అడుగున మిగిలిన రంగులో ముంచేదాన్ని. ముందు లేతరంగు, తర్వాత ముదురు రంగు. తిరగేసి ముంచితే ఏమీ రాదు, అంతా ముదురే. ఏ పని ముందు, ఏది వెనక అన్నది అంత గట్టిగా నాకు ఇంకేదీ చెప్పలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా, రోజంతా అదే పని.

డిజైను గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఎన్ని దారాలో లెక్క ఉంటుంది. తొమ్మిదో తరగతిలో గ్రాఫు పాఠం వచ్చినప్పుడు పక్క పిల్లలు (3, 5) ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుంటే, నాకు అది పువ్వు రేకు ఎక్కడ మొదలవుతుందో చూసినట్టే ఉంది.

నకిరేకల్ అన్న అడిగినదానికి మా వైపు నుంచి ఒక మాట. ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోయడం, మా వైపు ప్రతి చేనేత ఇంట్లో ఉండేది. ఒక చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆడవాళ్ళ భుజాలు పడిపోయేవి. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు చూసుంటారు! ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి ఆపేసినవారు. తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రం చేశారు, 1999లో. ఆ తల్లి పేరే, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. అందరూ చూసిన వస్తువునే ఒక్కరు అలా చూశారు. ఎందుకు ఒక్కరే అంటే నా దగ్గర జవాబు లేదు.

---

అచ్చంపేట_అక్క | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3:20

మగపిల్లల కథలు అయిపోయాయా?

బొంగరం, గోటీలు, చిర్రగోనె, టైరు. వీటిలో ఒక్కటీ మాకు దక్కలేదు. మా చంకలో తమ్ముడో చెల్లెలో ఉండేది. చంక ఖాళీ అయితే చేతికి చాట. నేను ఎనిమిదేళ్ళకే జొన్నలు చెరిగాను. చెరగడం చూసినవాళ్ళకు సులువు. చాటను ఎగరేసేటప్పుడు ముందు అంచు కొంచెం కిందికి, అందుకునేటప్పుడు కొంచెం వెనక్కి. పొట్టు ముందుకు పోయి కింద పడుతుంది. గింజ వెనక్కి జారుతుంది. తర్వాత చాటను కుదుపుతూ పక్కకు గుండ్రంగా తిప్పితే రాళ్ళు ఒక మూలకు చేరతాయి. బరువైనది ఎక్కడికి పోతుంది, తేలికది ఎక్కడికి పోతుంది అన్నది మణికట్టుకు పట్టుబడాలి. గాలి ఎక్కువైతే గింజ కూడా పోతుంది, అమ్మ వీపు మీద ఒకటి వేస్తుంది.

మిశ్రమాలను వేరుచేయడం అని ఆరో తరగతి సైన్సులో పాఠం ఉంది. తూర్పారబట్టడం, జల్లించడం, ఏరడం. మా సారు దాన్ని చదివించి ప్రశ్నజవాబులు రాయించారు. క్లాసులో ఉన్న ఆడపిల్లలందరికీ ఆ పని వచ్చు. ఒక్కరినీ లేపి, ఎలా చేస్తావమ్మా అని అడగలేదు. తమ్ముడు పాత రేడియో విప్పి పాడుచేస్తే "వీడు ఇంజినీరు అవుతాడు" అన్నారు. నేను చాట బాగా చెరిగితే "దీనికి పెళ్ళి చేసేయొచ్చు" అన్నారు.

నేర్చుకోలేదని కాదు. నేర్చుకున్నాను. నేర్చుకున్నట్టు ఎవరూ లెక్కలో రాయలేదు.

---

డిండి_వాగు | ఫిబ్రవరి 11, సాయంత్రం 5:45

అక్కా, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే గట్టి పోస్టు. నా బండిని పక్కకు పెట్టేశా.

---

మేస్త్రి_కొడుకు_మక్తల్ | ఫిబ్రవరి 11, రాత్రి 11:30

నేను రాయాలా వద్దా అనుకున్నా. అక్క పోస్టు చూసి రాస్తున్నా.

మా అమ్మానాన్న వలస కూలీలు. నన్నూ పుణే, ముంబై సైట్ల మీదికి తీసుకెళ్ళేవారు. దేశంలో ఎన్నో డ్యాములకు రాయి మోసిన పాలమూరు లేబర్ అంటారే, ఆ కులాసా ఏమీ లేని పేరు, మాది అదే. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేస్తే మా తాతల తరం వాళ్ళు అక్కడ రాళ్ళెత్తారు. ఆడుకోవడానికి ఇసుక కుప్ప, విరిగిన టైల్స్, నాన్న లెవల్ పైపు.

లెవల్ పైపు అంటే వేరే ఏమీ కాదు, అవతలివైపు కనిపించే సన్నటి పొడుగు పైపు, నిండా నీళ్ళు. నాన్న ఈ గోడ దగ్గర ఒక కొస పట్టుకునేవాడు, నేను అవతలి గది గోడ దగ్గర ఇంకో కొస. మధ్యలో పైపు మెలికలు తిరిగినా, గుమ్మం దాటినా, కింద పడి ఉన్నా సరే, రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తులో ఆగుతాయి. అక్కడ పెన్సిల్ గీత పెడతారు. నా మొదటి ఉద్యోగం ఆ కొస పట్టుకోవడమే. నడిచేటప్పుడు బొటనవేలితో మూయాలి, లేదంటే నీళ్ళు కారిపోతాయి. గీత పెట్టేటప్పుడు వేలు తీయాలి, మూసి ఉంచితే నీళ్ళు కదలవు. ఎందుకు కదలవని నాన్నను అడిగితే, "గాలికి తోవ కావాలిరా" అన్నాడు.

ఇంకో సంగతి. పైపులో గాలి బుడగ ఇరుక్కుంటే లెవల్ తప్పు చూపిస్తుంది. నాన్న పైపును వేలితో టకటకా కొట్టి బుడగను పైకి తోలి, అప్పుడు గానీ గీత పెట్టేవాడు కాదు.

తర్వాత నన్ను ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంచి బడిలో వేశారు. ద్రవాలు తమ మట్టాన్ని తామే వెతుక్కుంటాయని సారు చెప్పినప్పుడు చెయ్యెత్తి "బుడగ ఉంటే వెతుక్కోవు సార్" అన్నాను. క్లాసు నవ్వింది. సారు కూర్చోమన్నారు. పుస్తకంలో బుడగ లేదు మరి.

సివిల్ డిప్లొమా చేశాను. ఇప్పుడు సైట్లలో లేజర్ లెవల్ వాడుతున్నాం. బ్యాటరీ అయిపోతే డిక్కీలో నాన్న పైపు ఉంటుంది.

---

నకిరేకల్_ప్రశ్న | ఫిబ్రవరి 12, ఉదయం 7:40

మక్తల్ తమ్ముడూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. అయినా అడగాల్సిందే. పిల్లలను పనిలో పెడితే నేర్చుకుంటారు అని ఎవరైనా ఈ థ్రెడ్ చూపించి అంటే? చాట, లెవల్ పైపు, చిటికి. ఇవి ఆటవస్తువులు కావు. పిల్లలకు వేరే దారి లేక చేతికొచ్చిన పనిముట్లు.

---

మేస్త్రి_కొడుకు_మక్తల్ | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:15

అన్నా, నాకు నేర్పింది పని కాదు, పని మధ్యలో నాన్న ఇచ్చిన ఖాళీ. గీత పెట్టాక ఆయన బీడీ కాల్చుకునేదాకా పైపు నాది. కొస పైకెత్తితే ఏమవుతుంది, రెండు వేళ్ళూ మూస్తే ఏమవుతుంది, నోటితో ఊదితే ఏమవుతుంది, అన్నీ అప్పుడే చూశాను. అదే సైట్లో నాతో పాటు ఇటుకలు మోసిన పిల్లలు ఉన్నారు. పొద్దున నుంచి రాత్రి దాకా మోసినవాళ్ళకు ఇటుక ఏమీ నేర్పలేదు. నడుము నొప్పి మిగిలింది.

---

అచ్చంపేట_అక్క | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 2:00

ఈ తమ్ముడు చెప్పింది నిజం. నా చాటకు ఆ ఖాళీ లేదు.

---

కొల్లాపూర్_కుర్రాడు | ఫిబ్రవరి 12, రాత్రి 7:55

అందరూ ఫోన్‌ను తిట్టే ముందు నేను రాసేస్తా. నా వస్తువు మామయ్య పాత నోకియా కీప్యాడ్ ఫోన్. అందులో రింగ్‌టోన్ కంపోజర్ ఉండేది. స్వరం, దాని పక్కన అంకె. 4 వేస్తే కొంచెం సాగుతుంది, 8 వేస్తే అందులో సగం, 16 వేస్తే ఇంకా పొట్టి. అంకె పెరిగేకొద్దీ స్వరం తగ్గుతుంది. ఎందుకో తెలియక కోపమొచ్చేది. నాలుగో తరగతిలో 1/8 పెద్దదా 1/4 పెద్దదా అని అడిగితే క్లాసంతా 1/8 అంది. నేను 1/4 అన్నాను. ఎందుకని అడిగితే పాట పాడి చూపించా, బెత్తం దెబ్బ పడింది. అది వేరే సంగతి.

పాపర్ట్ సార్ కూడా కంప్యూటర్ పిల్లల చేతికి ఇవ్వమన్నారు కదా. తేడా ఎక్కడంటే, ఆ ఫోన్‌లో నేను పాట కట్టాను. మా చెల్లి కొడుకు ఇప్పుడు ఫోన్‌లో వేరేవాళ్ళు ఆడుకోవడం చూస్తాడు. వేరేవాళ్ళు బొమ్మల డబ్బా తెరుస్తుంటే చూస్తాడు! వాడి డబ్బా వాడు తెరవడు.

---

వనపర్తి_గవ్వలు | ఫిబ్రవరి 12, రాత్రి 9:20

అష్టాచెమ్మా గురించి ఎవరూ రాయలేదేం? నేల మీద అడ్డం 5, నిలువు 5 గడుల చతురం, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, 8. మిగతావి ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు.

మా అమ్మమ్మ "రెండుకు కాయ నడుపుకునేట్టు పెట్టుకో, అష్టను నమ్ముకోకు" అనేది. డిగ్రీలో సంభావ్యత వచ్చాక లెక్కేసి చూశాను. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే మొత్తం 16 రకాలు. రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ 1, అష్ట 1. అమ్మమ్మ చెప్పింది సరిగ్గా అదే. ఆవిడకు సంతకం తప్ప రాయడం రాదు.

గవ్వ నిజంగా సమానంగా పడదు, దాని ఆకారం అలాంటిది. గవ్వలు లేనప్పుడు చింతగింజలు ఒక వైపు బండకు రాకి తెల్లగా చేసుకునేవాళ్ళం. ఎంత రాకితే ఏ వైపు ఎక్కువ పడుతుందో తెలిసిన ఒక అత్త ఉండేది. ఆవిడతో ఎవరూ ఆడేవారు కాదు.

---

అంగన్‌వాడీ_టీచర్_హాలియా | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:30

కిట్టు గురించి సారు అడిగారు కాబట్టి. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత ఆటవస్తువులతో బోధన అన్న మాట గట్టిగా వినిపిస్తోంది. 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం జాదూయీ పిటారా అని ఒక పెట్టె కూడా తెచ్చారు. ఆలోచన కొత్తది కాదు. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల బడి మొదలుపెట్టి, వరసగా ఇచ్చే ఆటవస్తువులు తయారుచేశాడు. మొదట రంగురంగుల నూలు బంతులు, తర్వాత చెక్క గోళం, స్తూపం, ఘనం. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వాళ్ళమ్మ 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో వాటిని చూసి కొడుక్కి తెచ్చింది. ముసలితనంలో కూడా ఆయన ఆ చెక్కముక్కల గురించే చెప్పుకున్నాడు. పిల్లల చేతికి వస్తువులిచ్చి నేర్పే పద్ధతి తెచ్చిన మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల చాలా ఏళ్ళు ఇక్కడే ఉండిపోయారు.

నా అనుభవం ఒక్కటి చెప్తా. మా కేంద్రంలో బొమ్మలు గూట్లో పైన ఉన్నంతకాలం పిల్లలు కిందికి దించగానే కొట్టుకునేవారు. నేల మీద బుట్టలో పెట్టాను. వారం కొట్టుకున్నారు. తర్వాత మానేశారు. రెండు ముక్కలు పోయాయి. ఒకటి ఆ ఇంటి అమ్మే తెచ్చి ఇచ్చింది. రెండోదాని బదులు ఒక గులకరాయి పెట్టా, పిల్లలకు అదే ఇష్టం అయింది. రిజిస్టర్‌లో "అరిగినవి, విరిగినవి" అని ఒక వరస ఉంటుంది సార్, అది రాయడానికే ఉంది. భయపడకండి.

---

కల్వకుర్తి_లెక్కలసారు | ఫిబ్రవరి 14, రాత్రి 8:10

అందరికీ థ్యాంక్స్. హెచ్‌ఎం గారితో మాట్లాడాను. బీరువా తాళం సోమవారం నుంచి క్లాసు లీడర్ దగ్గర ఉంటుంది. రిజిస్టర్ సలహా పనిచేసింది మేడం.

ఇంకో పని అనుకుంటున్నా, కిట్టుతో సంబంధం లేదు. తొమ్మిదో తరగతికి నిష్పత్తి మీద ఒక పీరియడ్ ముంజకాయల బండితో. చిక్కేమిటంటే ముంజలు వచ్చేది ఏప్రిల్, మేలో. అప్పటికి పరీక్షలు, సెలవులు. అందుకని పెయింటు డబ్బా మూతలు. పెద్ద మూత వ్యాసం 10 సెంటీమీటర్లు, చిన్నది 8, నడుమ కట్టె 20 సెంటీమీటర్లు. సరూప త్రిభుజాలతో లెక్కేస్తే పెద్ద మూత దాదాపు 1 మీటరు వ్యాసార్ధంతో, చిన్నది 80 సెంటీమీటర్లతో గుండ్రం గీయాలి. ముందు పిల్లలతో లెక్క కట్టించి, తర్వాత ముగ్గుపిండి చల్లిన నేల మీద తోయించి కొలిపిస్తా. అచ్చంపేట అక్క చెప్పినట్టు, ఆరో తరగతి సైన్సు మేడంకు కూడా చెప్పా, ఈసారి చాట పట్టుకునేది మగపిల్లలు, నేర్పేది ఆడపిల్లలు.

ఇంటి దగ్గర ఒకసారి చేసి చూశా. బండి గుండ్రంగా తిరగడం లేదు, దాదాపు నేరుగా పోతోంది. ఎందుకో?

---

మిర్యాలగూడ_సైకిల్ | ఫిబ్రవరి 14, రాత్రి 8:35

మూతలు కట్టె మీద వదులుగా ఉన్నాయి సార్. వేటికవే తిరుగుతున్నాయి, ఇంక గుండ్రం ఎందుకు తిరుగుతుంది? ముంజకాయలో కట్టె బిగుసుకుంటుంది, అదీ తేడా. కట్టె బదులు సైకిల్ పుల్ల వాడండి, రెండు కొసల దగ్గరా మూతకూ పుల్లకూ కలిపి ఎంసీల్ పెట్టండి. రాత్రి పెడితే తెల్లారేసరికి రాయి. క్లాసులో మాత్రం పెట్టకండి, పిల్లల చేతులకు అంటుకుంటుంది.

---

డిండి_వాగు | ఫిబ్రవరి 14, రాత్రి 8:50

సార్, అతికించినది ఒకటి, వదులుగా వదిలేసినది ఒకటి, రెండు బండ్లూ తీసుకుపోండి. ఏది ఎందుకు తిరుగుతుందో మీరు చెప్పొద్దు.

---

కల్వకుర్తి_లెక్కలసారు | ఫిబ్రవరి 14, రాత్రి 9:05

రెండూ చేస్తున్నా. సైకిల్ పుల్లలు రేపు పొద్దున కొంటా. మూతలు ఇంకా కావాలి, కల్వకుర్తిలో ఎవరింట్లోనైనా పెయింటు పని జరుగుతుంటే చెప్పండి.